దోమల జబ్బులపై పరిశోధన: ల్యాబ్‌లో మొదలుపెట్టాలా, ఫీల్డ్‌లోనా?

జువాలజీ ఎమ్మెస్సీ అయిపోయింది, జంతువుల నుంచీ దోమల వల్లా వచ్చే జబ్బులపై పరిశోధన చేయాలనుంది, జన్యు విశ్లేషణ, కంప్యూటర్ మోడళ్లు నేర్చుకుంటే సరిపోతుందా, ఫీల్డ్‌లో తిరగాలా అని అడిగారు. పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. రెండూ కావాలి, కానీ ముందు పురుగును పట్టుకుని, కోసి చూడటం నేర్చుకోండి.

నేను చేరిన ఏడాది, ఇళ్ల గోడలకు మందు కొట్టక ముందూ తర్వాతా మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలను పట్టి లెక్కపెట్టాం. తెల్లవారుజామున టార్చి వేసుకుని, గోడ మీద వాలిన దోమను గొట్టంతో పీల్చి పట్టే పని. నెల తిరిగినా సంఖ్య పెద్దగా తగ్గలేదు. మందు పనిచేయలేదని రిపోర్టు రాసేయబోతుంటే మా మేడం ఆపి, నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు.

ఆడ దోమ పొట్ట కొసను సూదితో మెల్లగా లాగితే అండాశయాలు నీటిబొట్టులోకి జారతాయి. వాటిని ఆరనిచ్చి చూస్తే పైన అల్లుకున్న సన్నటి గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని దోమలో వాటి కొసలు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. ఒకసారి పెట్టిందంటే ఆ చుట్టలు విడిపోతాయి, మళ్లీ చుట్టుకోవు. మందు కొట్టాక పట్టిన దోమల్లో చుట్టలు విడినవి బాగా తగ్గిపోయాయి. అంటే వయసు మళ్లినవి చచ్చాయి, ఉన్నవన్నీ దాదాపు కొత్తగా పుట్టినవే.

అదెందుకంత ముఖ్యమంటే, రోగి రక్తంతో దోమలోకి వెళ్లిన మలేరియా పరాన్నజీవి దాని లాలాజల గ్రంథులకు చేరడానికి పది రోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలోపు చచ్చే దోమ ఎంతమందిని కుట్టినా జబ్బు అంటించలేదు. ఇప్పుడు మీ మోడల్ దగ్గరికి రండి. వంద దోమల్లో రోజుకు 90 శాతం బతుకుతుంటే పది రోజులకు 35 మిగులుతాయి. 80 శాతమే బతికితే మిగిలేవి పదకొండే. మోడల్ మొత్తాన్ని తిప్పేసే ఆ అంకెను లెక్కగట్టే దారుల్లో ఒకటి, ఇందాక చెప్పిన అండాశయాలు. దాన్ని ఎవరో పేపర్‌లో రాసింది తెచ్చి వాడుకోవడం వేరు, పట్టిన దోమల నుంచి మీరే తీయడం వేరు.

జాతిని గుర్తుపట్టడం కూడా అంతే. మలేరియాకు దోమతో ఉన్న లింకును కనిపెట్టిన రోనాల్డ్ రాస్ చాలాకాలం మలేరియాను మోయని దోమలను కోస్తూ పోయాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో అనాఫిలిస్‌ను కోసినప్పుడు గానీ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనపడలేదు.

జంతువుల వైపు పనిలో నాకు అనుభవం తక్కువ. స్క్రబ్ టైఫస్ అనే జ్వరంపై పనికి ఎలుకలను పట్టినప్పుడు, చెవి లోపల నారింజ రంగు పొడి చల్లినట్టు అంటుకున్న, ఆ జ్వరాన్ని అంటించే మైట్ (కంటికి సరిగా ఆనని చిన్న పురుగు) పిల్లలను లెన్సులో చూశాను. చేతికి గ్లౌజులు లేకుండా ఆ పని ముట్టుకోవద్దు. ఇంకోటి, పశువైద్యులతో స్నేహం పెంచుకోండి. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడుతున్నాయన్న కబురే కోతి జ్వరం బయటపడటానికి దారి చూపింది. 1999లో న్యూయార్క్‌లో మనుషుల మెదడు వాపును వేరే వైరస్ అనుకున్నారు. అదే సమయంలో కాకులు, జూలో పక్షులు చనిపోతుంటే, ఈ రెండూ ఒకటే కావచ్చని పట్టుబట్టింది జూలోని వెటర్నరీ పెథాలజిస్టు. అది వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. ఆ మాట డాక్టర్ల చెవిన పడటానికి వారాలు పట్టిందని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సీటు వచ్చిందని వెంటనే చేరిపోకండి. మీ దగ్గర దోమల జాతి గుర్తించేది ఎవరు, నాకు నేర్పుతారా, నెలకు ఎన్ని రోజులు ఫీల్డ్‌కు పంపుతారు అని అడగండి. శాంపిళ్లన్నీ బయటి నుంచి ట్యూబుల్లో వస్తాయని చెబితే, ఇంకో ల్యాబ్ కూడా చూడండి.