క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌లో చెయిన్ ఫైర్: గ్రీజు ఒక్కటే సరిపోదు

మీరు టెక్సస్‌లో 1858 రెమింగ్టన్ నమూనా .44 రివాల్వర్ (తూటా కాకుండా తుపాకి మందు, గుండు, క్యాప్ విడివిడిగా నింపే పాతకాలపు రకం) కొన్నానన్నారు. గుండ్ల ముందు గ్రీజు పూస్తే చెయిన్ ఫైర్ రాదని షాపువాళ్లు చెప్పారు, అది నిజమేనా అని అడిగారు. సగమే నిజం. ఇక్కడ ఒహాయోలో కొన్నేళ్లుగా బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు) క్లబ్‌కు వెళుతున్నాను కాబట్టి, చూసిందీ చేసేదీ రాస్తున్నాను.

సిలిండర్‌లో మందు, గుండు నింపే గదులే ఛాంబర్లు. ఒక ఛాంబర్ పేలినప్పుడు నిప్పు పక్క ఛాంబర్‌లోని మందుకు అంటుకోవడమే చెయిన్ ఫైర్. ఆ నిప్పుకు దారులు రెండు: ముందు గుండు పక్కనుంచి, వెనక నిపుల్ రంధ్రంలోంచి. నిపుల్ అంటే ఛాంబర్ వెనక ఉండే సన్నని గొట్టం, దాని మీద తొడిగే చిన్న నిప్పు టోపీయే క్యాప్. ఏది అసలు దోషి అని క్లబ్‌లో ముసలాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నా ఓటు ఎక్కువగా వెనకదానికే. పక్క లేన్‌లో ఒకాయన గ్రీజు దట్టంగా పూసి కాల్చినా రెండు ఛాంబర్లు ఒకేసారి పేలాయి. తర్వాత చూస్తే రెండో దాని నిపుల్ మీద క్యాప్ లేదు. అది ముందే ఊడిందో, పేలుడుకు ఎగిరిపోయిందో చెప్పలేం గానీ, ఆయన క్యాపులు వేలితో తాకితేనే కదులుతున్నాయి.

అందుకే ముందు నిపుల్స్ సంగతి చూడండి. 10 నంబరు, 11 నంబరు క్యాపులు రెండూ కొని, ఏది గట్టిగా పట్టి పూర్తిగా అడుగుదాకా కూర్చుంటుందో చూసుకోండి. వదులుగా ఉన్న క్యాప్‌ను వేళ్లతో నొక్కి అండాకారం చేసి తొడగడం చాలామందికి అలవాటు. నాకది నచ్చదు. క్యాప్ ఆగుతుంది నిజమే, కానీ పక్కల సందు మిగులుతుంది. అంతకన్నా మంచి నిపుల్స్ సెట్ కొనడం నయం. క్యాపులు పెట్టేది అన్నిటికన్నా చివర, ఫైరింగ్ లైన్ దగ్గర, గొట్టం టార్గెట్ వైపు ఉన్నప్పుడే.

ఇక ముందు వైపు. అక్కడ అసలు కాపలా గుండే, గ్రీజు కాదు. గుండు ఛాంబర్ నోటికన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. .44కు సాధారణంగా 0.451 లేదా 0.454 అంగుళాల మెత్తని సీసం గుండ్లు వాడతారు. మీ తయారీదారు మాన్యువల్‌లో ఏముందో చూడండి. గొట్టం కింద ఉండే లివర్‌తో గుండును ఛాంబర్‌లోకి దించేటప్పుడు గుండు అంచు నుంచి సన్నని సీసపు రింగు చెక్కుకుని బయటికి రావాలి, అదీ ఎక్కడా తెగకుండా. గాజులా పూర్తి చుట్టు వస్తే గుండు ఛాంబర్ గోడకు అతుక్కుపోయినట్టే. రింగు సగమే వచ్చిందంటే గుండు చిన్నదైనా అయ్యుండాలి, గుండ్రంగా లేకనైనా ఉండాలి. సొంతంగా గుండ్లు పోత పోసేవాళ్లు పోత మచ్చ (అచ్చులో సీసం పోసిన చోట మిగిలే గుర్తు) సరిగ్గా పైకి, మధ్యలో ఉండేలా పెట్టాలి.

మరి గ్రీజు ఎందుకు? కాలిన మసి గట్టిపడకుండా మెత్తగా ఉంచడానికి అది బాగా పనికొస్తుంది. కానీ మొదటి దెబ్బకే పక్క ఛాంబర్ల మీది గ్రీజు చాలావరకు చెదిరిపోతుంది, మీ టెక్సస్ ఎండకైతే కరిగి కారుతుంది కూడా. నేను మందుకూ గుండుకూ మధ్య కొవ్వు, తేనెమైనం పట్టించిన ఉన్ని ఫెల్ట్ వ్యాడ్ (చిన్న బిళ్ల) పెడతాను. చేతులకు జిడ్డు తక్కువ, పైగా నిప్పుకు ఇంకో అడ్డం. మామూలు పెట్రోలియం గ్రీజు మాత్రం వద్దు, మసితో కలిసి తారులా తయారవుతుంది.

స్మోక్‌లెస్ పౌడర్ (ఈకాలపు తూటాల్లో వాడే మందు) చిటికెడు కూడా పోయకండి, ఆ తుపాకి అందుకు కాదు. మందు డబ్బా నుంచి నేరుగా ఛాంబర్‌లోకి వంపకుండా విడిగా కొలిచి పోయండి.

చెయిన్ ఫైర్ జరిగితే పక్క ఛాంబర్ల గుండ్లు గొట్టానికి అటూ ఇటూ బయటికి పోతాయి. అందుకే సిలిండర్ ముందు చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు. కోల్ట్ 1855 మోడల్ రివాల్వింగ్ రైఫిల్‌కు అమెరికా అంతర్యుద్ధంలో చెడ్డపేరు వచ్చింది ఇందుకే. రైఫిల్ కాబట్టి ఎడమ చెయ్యి సిలిండర్ ముందే ఉండేది. రివాల్వర్‌కు రెండు చేతులూ పిడి దగ్గరే పెట్టుకుంటే ఆ గొడవ లేదు. శబ్దం, కుదుపు అనుమానంగా అనిపిస్తే గొట్టం అటే ఉంచి కాసేపు ఆగండి, వెంటనే తిప్పి చూడకండి.

మీ నిపుల్స్‌కు ఏ నంబరు క్యాప్ గట్టిగా కూర్చుందో, రింగు పూర్తిగా వస్తోందో లేదో చూసి ఇక్కడే రాయండి, గుండు సైజు సంగతి అప్పుడు చూద్దాం.