వైర్‌లెస్ మౌసు ఎగిరిపడితే తప్పు లినక్స్‌ది కాదండి

మీ ప్రశ్న ఇది: లాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకున్నాను, వైర్‌లెస్ మౌసు, మెకానికల్ కీబోర్డు (ప్రతి కీ కిందా విడిగా స్విచ్చు ఉండేది) తీసుకుందామంటే లినక్స్‌లో సరిగ్గా పనిచేయవని అందరూ భయపెడుతున్నారు, కొనొచ్చా? కొనండి. భయపెట్టేవాళ్ళలో చాలామంది లినక్స్ ముందు పది నిమిషాలు కూర్చున్నవాళ్ళు కాదు.

నాది పాలకొల్లు పక్కన ఒక ఊరు. ఇంట్లోంచే తెలుగు పుస్తకాలు టైపు చేసి, పేజీలు పెట్టి ఇస్తాను. ఎనిమిదేళ్ళుగా లినక్సే. రోజుకి పది గంటలు చేతులు వీటి మీదే ఉంటాయి.

మొదటి ఏడాది ఎండాకాలంలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. తెల్లారేసరికి రాజమండ్రిలో ఒకాయనకి నూట నలభై పేజీలు పంపాలి. సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. పని ఎక్కడ పోతుందో అని టెన్షన్ పట్టుకుని, బయట పెట్టుకునే హార్డ్ డిస్కు తగిలించి కాపీ పెట్టాను. కాసేపటికి మౌసు మొరాయించింది. కర్సర్ ఒకచోట బిగుసుకుపోతుంది, తర్వాత ఒక్క ఉదుటున తెర చివరికి పోతుంది. పేరా మొత్తం పట్టుకుందామంటే సగంలో వదిలేస్తుంది. బ్యాటరీ మార్చాను. రీస్టార్ట్ చేశాను. ముందురోజే అప్‌డేట్ వచ్చింది కదా, అదే కారణమని పాత కెర్నెల్‌తో (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం అది) కూడా తెరిచాను. రెండు గంటలు పోయాయి.

మా మావయ్య రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకుని భోజనానికి వచ్చాడు.

"ఏరా అల్లుడూ, అన్నం మానేసి ఏంటా కుస్తీ?"

"మౌసు మాట వినట్లేదు మావయ్యా. సాయంత్రం దాకా బానే ఉంది."

"సాయంత్రం తర్వాత కొత్తగా ఏం పెట్టావ్?"

"ఏం పెట్టలేదు."

ఆయన బల్ల మీదికి వంగి, లైటు మినుకుమినుకుమంటున్న హార్డ్ డిస్కుని వేలితో చూపించాడు. "మరిదేంటి? పొద్దున్న నేనొచ్చినప్పుడు లేదుగా. రొయ్య పైకి తేలితే మేం ముందు చూసేది అదేరా, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని."

కాపీ ఆపి డిస్కు తీశాను. కర్సర్ నెయ్యి రాసినట్టు జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ మొరాయింపు. మావయ్యకి కంప్యూటర్ తెరవడం కూడా రాదు.

సంగతి ఏమిటంటే, మౌసు రిసీవర్ (పోర్టులో గుచ్చే చిన్న ముక్క) మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. డిస్కు తగిలించిన యూఎస్‌బీ 3 పోర్టులో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పరిగెత్తేటప్పుడు సరిగ్గా ఆ చుట్టుపక్కలే రేడియో రొద పుడుతుంది. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద ఒక పత్రం వేశారు. విండోస్‌లోనూ ఇదే జరుగుతుంది, కానీ అక్కడ మౌసుని తిడతారు, ఇక్కడ లినక్స్‌ని తిడతారు. నాకు కడుపుమంట అక్కడే. భీమవరంలో ఒక షాపులో అడిగితే "లినక్స్‌కి డ్రైవర్లు రావండి, విండోస్ వేసుకోండి" అని తేల్చేశారు. మామూలు మౌసుకీ కీబోర్డుకీ వేరే డ్రైవరే అక్కర్లేదు, అది కెర్నెల్‌లోనే ఉంటుంది. తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ, మనిషి చేత ఉన్నది తీయించడమేమిటి? నేను మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, రిసీవర్‌ని మౌసుకి జానెడు దూరంలో బల్లకి అంటించాను. ఆ తర్వాత ఆ బాధ మళ్ళీ రాలేదు.

ఇంకొకటి ఉంది. రెండు సెకన్లు కదపకపోతే మౌసు నిద్రపోయి, క్లిక్ చేస్తేగానీ లేవకపోతే అది కరెంటు ఆదా చేసే సెట్టింగ్. పవర్‌టాప్ అనే కరెంటు ఆదా ప్రోగ్రాములో ఆటోట్యూన్ (అన్నిటికీ ఆదా ఒకేసారి పెట్టేయడం) పెట్టినవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. అందులో మౌసు వరుస 'గుడ్' అని ఉంటే 'బ్యాడ్'కి మార్చండి, లేచి కూర్చుంటుంది. లాజిటెక్ రిసీవర్ అయితే సోలార్ (Solaar) అనే ప్రోగ్రాము పెట్టుకోండి, బ్యాటరీ ఎంత ఉందో చూపిస్తుంది.

కీబోర్డు మాత్రం వైరుదే తీసుకోండి. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా తెరవలేని తాళం) పెట్టుకుంటే కంప్యూటర్ లేస్తూనే పాస్‌వర్డ్ అడుగుతుంది, అప్పటికి బ్లూటూత్ ఇంకా లేచి ఉండదు. ఎంత ఖరీదైన బ్లూటూత్ కీబోర్డయినా ఆ తెర ముందు దిక్కుతోచక కూర్చుంటాం. ఎఫ్ వరుస కీలు నొక్కితే వెలుగూ సౌండూ మారుతుంటే కంగారు పడకండి, కొన్ని మెకానికల్ కీబోర్డులు తమని యాపిల్ కీబోర్డుగా చెప్పుకుంటాయి. అలాంటివాటిని చూసుకునే హెచ్‌ఐడీ యాపిల్ (hid_apple) అనే కెర్నెల్ మాడ్యూల్‌లో ఎఫ్ఎన్‌మోడ్ (fnmode) విలువని 2 చేస్తే సరి.

అసలు మెకానికల్ ఎందుకంటే తెలుగు కోసమే. ఇన్‌స్క్రిప్ట్‌లో (తెలుగు టైపుకి వాడే కీల అమరిక అది) పొల్లు గుర్తు డీ కీ మీద ఉంటుంది. ప్రతి ఒత్తుకీ అదే నొక్కాలి. 'రాష్ట్రం' అన్న ఒక్క మాటకే రెండుసార్లు. నా పాత మామూలు కీబోర్డులో మిగతా అక్షరాలన్నీ శుభ్రంగా ఉండగా డీ ఒక్కటే నున్నగా అరిగి, గుంటపడి, గట్టిగా పొడిస్తేగానీ పలికేది కాదు. దానికోసం కీబోర్డు మొత్తం పారేశాను. ఇప్పటిది హాట్‌స్వాప్, అంటే స్విచ్చులు విడిగా తీసి మార్చుకునేది. మా వైపు వానాకాలం గోడలు కూడా చెమరుస్తాయి, ఆ తేమకో ఏమో పోయినేడు డీ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. చిన్న పట్టకారుతో ఆ ఒక్క స్విచ్చీ లాగి కొత్తది గుచ్చాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. టకటకమనే నీలం స్విచ్చులు మాత్రం వద్దు, రాత్రిపూట ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నేను ఎర్రవి వాడుతున్నాను.

ఇంత తెలుగు మాట్లాడే చోట తెలుగు అక్షరాలు అచ్చువేసిన మెకానికల్ కీబోర్డు నాకు ఒక్క షాపులోనూ కనిపించలేదు. స్టిక్కర్లు అంటించుకుంటే చేతి చెమటకి నెలలో ఊడిపోతున్నాయి. దీని గురించి ఎవరూ ఎందుకు అడగరో అర్థం కాదు.

మీ లాప్‌టాప్‌కి ఎన్ని పోర్టులున్నాయో, రిసీవర్ పక్కన ఏం పెడతారో చెప్పండి. ఎక్స్‌టెన్షన్ వైరు కావాలో అక్కర్లేదో చెబుతాను.