విచారణ ఎన్ని నెలల్లో ముగియాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పొలంలోని బోరు మోటారు దొంగిలించాడన్న కేసులో మా తమ్ముడు పదమూడు నెలలుగా జైల్లో ఉన్నాడు. ఇంతకుముందు వాడిమీద ఏ కేసూ లేదు. చార్జిషీటు వేశారు గానీ, సాక్షులు రాలేదని ప్రతిసారీ వాయిదా వేస్తున్నారు. గడువు దాటితే కేసు కొట్టేయాలనే చట్టం లేదా?

సమాధానం: లేదమ్మా. సత్వర విచారణ రాజ్యాంగంలోని 21వ అధికరణంలో ఇమిడి ఉన్న హక్కేనని సుప్రీంకోర్టు 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో చెప్పింది. అయితే ఆ తర్వాత కొన్ని తీర్పుల్లో తానే విధించిన గడువులు చెల్లవని 2002లో రామచంద్రరావు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి, ఆ పని చట్టసభలకే వదిలింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే చట్టం), అభియోగాలపై మొదటి విచారణ జరిగిన 60 రోజుల్లో వాటిని ఖరారు చేయాలన్నది. ఆ గడువు దాటితే కేసు ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1974 నాటి చట్టం ప్రకారం, మినహాయింపు రోజులు పోను, 70 రోజుల్లో విచారణ మొదలుకాకపోతే నిందితుడి కోరికపై కేసు కొట్టేయాలి. మన చట్టంలోనూ అటువంటి ఫలితం రాసి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

కేసుకు గడువు లేకపోయినా, నిర్బంధానికి ఉంది. మీ తమ్ముడికి పనికొచ్చేది అదే. సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే కోర్టు విడుదల చేయాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి, మూడో వంతంటే 12 నెలలు. అది దాటి నెలయింది. పైగా అలాంటివారిని "బాండు"పై వదలాలని చట్టం అంటోంది. బాండంటే జామీనుదారు అవసరం లేని సొంత పూచీకత్తు అని నిర్వచనం కూడా ఇచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ల గడపలెక్కి జామీను నిలబడమని బతిమాలాల్సిన అవసరం సాధారణంగా మీకు ఉండదన్నమాట. ఈ మాట దరఖాస్తులో స్పష్టంగా రాయించండి.

వాడిమీద మరో కేసు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు దొరకదు. వాడి వల్ల జరిగిన జాప్యాన్ని కూడా ఆ లెక్కలోంచి తీసేస్తారు. ప్రాసిక్యూటరు వాదన విన్నాక, కారణాలు రాసి నిర్బంధం పొడిగించే అధికారం కోర్టుకు ఉంది కాబట్టి, ఏయే వాయిదా ఎవరు రాకపోవడం వల్ల పడిందో తేదీలవారీగా రాసి ఉంచుకోండి.

గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. ములాకత్‌కు వెళ్లినప్పుడు ఆ సంగతి గుర్తుచేసి, రిమాండు తేదీ రాయించుకుని, నల్లగొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయవాది హక్కు. వచ్చే వాయిదాకల్లా దరఖాస్తు పడేలా చూడమని వారిని అడగండి.