ఉత్తరం ఇచ్చినంత మాత్రాన భాగస్వాములైపోరు

ప్రశ్న: మేం పదిహేను మంది ఆడవాళ్లం సంఘంగా ఏర్పడ్డాం. చదువు మధ్యలో మానేసిన మా ప్రాంతం పిల్లలకు ఆసుపత్రుల్లో సహాయకుల పని నేర్పించాలని మా ఆశ. ఒక ఫౌండేషన్ గ్రాంట్‌కి దరఖాస్తులు పిలిచింది, యజమానులు, విద్యాసంస్థ భాగస్వాములుగా ఉండాలట. రెండు ఆసుపత్రులు, ఒక కాలేజీ మద్దతు ఉత్తరాలిచ్చాయి. కాలేజీ వాళ్లు మాత్రం డబ్బంతా తమ ఖాతాలోకే రావాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఇప్పుడే సంతకం పెట్టకండి. డబ్బు కాలేజీ ఖాతాలోకి రావడం తప్పేమీ కాదు, లెక్కలు, ఆడిట్ చూసుకునే పెద్ద సంస్థ ముందుంటే కొత్త సంఘానికి తేలికే. కానీ పిల్లల్ని ఎంపిక చేసేది ఎవరు, మీ వాటా ఎన్ని రోజుల్లో మీ చేతికి వస్తుంది, నిర్వహణ ఖర్చు కింద వాళ్లు ఎంత శాతం పట్టుకుంటారు, బడ్జెట్ మార్చాలంటే మీ సంతకం కావాలా అక్కర్లేదా, ఈ నాలుగూ ఒప్పందంలో రాసి ఉండాలి. నోటిమాట మీద వెళ్తే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసే పని మీది, నిర్ణయాలు వాళ్లవి అవుతాయి.

ఇక ఆ ఉత్తరాలు. "ఈ కార్యక్రమానికి మా సంపూర్ణ మద్దతు" అని ఉంటే దానివల్ల ఒరిగేదేమీ లేదు, దరఖాస్తులు చదివేవాళ్లు అలాంటివి రోజూ చూస్తుంటారు. మళ్లీ వెళ్లి కూర్చోండి. ఏడాదికి ఎంతమందిని తీసుకుంటారు, మొదటి జీతం ఎంత, చేరినవాళ్లు ఎందుకు మానేస్తున్నారు అని అడిగి, "ట్రైనింగ్ పూర్తిచేసిన అందరినీ ఇంటర్వ్యూ చేస్తాం, మా సీనియర్ నర్సు వారానికి రెండు పూటలు వచ్చి నేర్పుతారు" అన్న వాక్యం రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం పది మద్దతు ఉత్తరాల పెట్టు.

మీలాంటి వాళ్లే చేసి చూపించిన ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 1990లో లీవైస్ బట్టల ఫ్యాక్టరీ మూతపడి వెయ్యి మందికి పైగా రోడ్డున పడ్డారు. అక్కడి స్థానిక సంఘాలు ముందు యజమానుల దగ్గరికెళ్లి ఏ ఉద్యోగాలకు మనుషులు కావాలో తేల్చుకుని, ఆ తర్వాతే 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ అనే ఉద్యోగ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాయి. చదువు స్థానిక కాలేజీల్లో. దాంతోపాటు రాకపోకలకు, పిల్లల సంరక్షణకు సాయం, వారం వారం కౌన్సెలర్‌తో సమావేశం. అందులో వైద్యరంగం చదువులు ఎంచుకున్నవాళ్లను, అవకాశం రానివాళ్లతో పోల్చి ఏళ్ల తరబడి గమనిస్తే, ఆరో ఏడాదికి వీళ్ల సంపాదన సగటున ఏటా 5 వేల డాలర్లకు పైగా ఎక్కువగా ఉంది.

అందుకే బడ్జెట్‌లో బస్సు ఖర్చు, చంటిబిడ్డల్ని చూసుకునే మనిషి, ట్రైనింగ్ రోజుల్లో చిన్న భృతి మొహమాటపడకుండా అడగండి. గ్రాంట్ పెద్దగా కనిపించకూడదని చాలామంది మొదట కొట్టేసేవి ఇవే. క్లాసు ఉదయం ఎనిమిదికి, పాపను చూసే అత్తగారు పనినుంచి వచ్చేది తొమ్మిదికి అనుకోండి, ఆ అమ్మాయి రెండో వారమే మానేస్తుంది. ఆమెకు చదువు మీద శ్రద్ధ లేదని రిజిస్టర్‌లో రాసుకుంటారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

డబ్బు ఎలా వస్తుందో కూడా కనుక్కోండి. చాలా గ్రాంట్లు విడతలుగా ఇస్తారు, కొన్ని మీరు ఖర్చుపెట్టి బిల్లులు చూపించాకే ఇస్తాయి. రెండో రకమైతే కనీసం మూడు నెలలు నడిపే సొమ్ము చేతిలో లేకుండా దిగొద్దు. వంద మందికి ఉద్యోగాలిప్పిస్తామని రాయొద్దు, మొదటి బ్యాచ్‌కి ఇరవై మంది చాలు, ఆరు నెలల తర్వాత కూడా ఎంతమంది ఆ పనిలోనే ఉన్నారో లెక్క చెప్తామని రాయండి.

కాలేజీతో మాట్లాడటానికి ఒక్కరే వెళ్లకండి, ముగ్గురు వెళ్లి ఆ నాలుగు అంశాలూ కాగితం మీద పెట్టి అడగండి. గడువులోగా తేలకపోతే ఈసారికి వదిలేసి, ఈలోపు ఆసుపత్రుల వాళ్ల దగ్గర ఆ వాక్యం రాయించుకోండి.