జీతం లేని ఒకటో తారీఖు

విజయవాడ నుంచి ఒకరు రాశారు. ఒక దినపత్రికలో 15 ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశారు. రాత్రి డ్యూటీలతో ఒంట్లో బాగుండక 14 నెలల క్రితం మానేశారు. ఇప్పుడు ఇంటి నుంచే అనువాదాలు, ప్రకటనల రాతపని చేస్తున్నారు, అడిగినవాళ్ల ఆత్మకథలకు రూపమిస్తున్నారు. ఇన్ని నెలల్లో చేతికొచ్చింది 3,60,000 రూపాయలు. ప్రైవేటు బడిలో టీచరైన భార్య మళ్లీ ఉద్యోగంలో చేరమంటున్నారు. బంధువులకేమో ‘ఆయన ఇంకా పేపర్లోనే’ అని చెబుతున్నారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ‘నా పని మీద నా భార్యకు గౌరవం కలగాలంటే ఏం చేయాలి?’ అని ఈయన ప్రశ్న.

గౌరవం సంగతి తర్వాత. మీ ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, ఒక మాట రాశారు. ప్రచురణకర్త నుంచి 45,000, ప్రకటనల సంస్థ నుంచి 26,000, ఆత్మకథ రాయించుకున్న పెద్దమనిషి నుంచి 15,000 రావాలని, చులకనైపోతానని ఇంట్లో చెప్పలేదని. ఆమె బంధువుల దగ్గర దాస్తున్నారు, మీరు ఆమె దగ్గర దాస్తున్నారు. 86,000 విలువ చేసే పని చేసి కూడా ఆమె కళ్లకు ఖాళీగా కూర్చున్న మనిషిలా కనిపిస్తున్నది అందుకే.

ఆమె భయం మీ రాత మీద కాదనుకుంటాను. ఒకటో తారీఖున పాలవాడికి, ఇంటి అద్దెకు ఎంత వస్తుందో తెలియకపోవడం మీద. ఒక నెల 40,000, మరో నెల 8,000 వస్తే ఏ ఇల్లాలికైనా నిద్ర పట్టదు. మీ లెక్క నెలకు సగటున 25,700 దాకా తేలుతోంది. పాత జీతం 38,000 అన్నారు. తగ్గిన మాట నిజం, దాన్ని కప్పిపుచ్చకండి. వచ్చిందంతా ఒక ఖాతాలో వేసి, అందులోంచి నెలనెలా ఒకటో తారీఖున 20,000 ఇంటి ఖాతాకు పంపండి. ఎక్కువ వచ్చిన నెలా అంతే, తక్కువ వచ్చిన నెలా అంతే.

ఇక బాకీలు. ‘పుస్తకం బయటికొచ్చాక ఇస్తాం’ అన్న మాటకు తలూపడం మీరు చేసిన పొరపాటు. పుస్తకం ఎప్పుడు బయటికొస్తుందో ప్రచురణకర్తకే తెలియదు. ఒకప్పుడు నేనూ ఒక పత్రికకు కథలు రాసి, మనీ ఆర్డర్ కోసం పోస్ట్‌మన్ సైకిల్ గంట వింటూ కూర్చున్నవాణ్ణే. ఇకపై మూడో వంతు ముందుగా, మిగతాది రాతప్రతి అప్పగించినప్పుడు తీసుకోండి. చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. అలా నమోదైన చిన్న సేవాదారులకు, ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. పాత బాకీలకు మాత్రం మీరే ఫోను చేసి, తేదీ అడిగి రాసుకోవాలి. మొహమాటపడితే ఆ డబ్బు రాదు.

ఇంకొకటి. మీకు డబ్బిచ్చే సంస్థలు టీడీఎస్ పేరుతో ఆదాయపు పన్ను కింద 10 శాతం దాకా ముందే కోసుకుంటూ ఉండొచ్చు. మీ రాబడి ఇంతే అయితే అసలు పన్నే పడదు. రిటర్ను వేస్తే ఆ కోత వెనక్కి వస్తుంది. వేశారో లేదో మీరు రాయలేదు. వేయలేదనే నా అనుమానం.

ఉద్యోగమా, రాతా అన్నది ఇవాళే తేల్చకండి. వచ్చే జూన్‌లో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. అప్పటికి నెలకు ఇంత నిలకడగా రావాలని ఇద్దరూ ఒక అంకె అనుకోండి. రాకపోతే పగటి పూట ఏదైనా సగం రోజు ఉద్యోగం చూసుకుంటానని మీరే ముందు అనండి. ఆ మాట ఆమె నోట రావడానికీ మీ నోట రావడానికీ చాలా తేడా ఉంది.

పెళ్లిళ్లలో ఆమె చెప్పే అబద్ధానికి నొచ్చుకోకండి. ‘మీ ఆయన ఏం చేస్తున్నారు’ అని అడిగితే చెప్పడానికి ఆమెకు ఒక మాట కావాలి. అనువాదకుడు అన్నది మంచి మాట. మీ పేరు అచ్చయిన పుస్తకం ఒకటి ముందు గదిలో, వచ్చినవాళ్ల కంట పడేచోట పెట్టండి.

ఈ ఆదివారం బాకీల నోటుపుస్తకం ఆమె ముందు తెరవండి, 45,000 దగ్గర నుంచి మొదలుపెట్టండి. పొద్దున 9 నుంచి ఒంటిగంట దాకా మీ గది తలుపు వేసి ఉంటుందని కూడా అప్పుడే చెప్పండి. పదకొండింటికి డాబా మీద వడియాలు తిరగేసి రమ్మంటున్నారని రాశారు కదా, ఒంటిగంట తర్వాత వెళ్లి తిరగేయండి. ఎండ అప్పుడే బాగుంటుంది.