కొత్త సింఫనీ చేతికొచ్చినప్పుడు

చిరంజీవి బాబుకి ఆశీస్సులు.

ఒక స్వరకర్త రాసిన కొత్త సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం వాయించే సుదీర్ఘ రచనని, ఆయన ఎదుటే కండక్టరుగా మొదటిసారి నడిపించే అవకాశం నీకొచ్చిందని చదివి మనసు నిండింది. ఈ పనికి రష్యన్ కండక్టర్ మ్రావిన్‌స్కీ, స్వరకర్త షోస్టకోవిచ్‌ల జతను మించిన పాఠం నాకు కనబడదు. 1937 నవంబరు 21న లెనిన్‌గ్రాడ్‌లో ఐదో సింఫనీతో మొదలైన స్నేహం అది. ఎనిమిదో సింఫనీని షోస్టకోవిచ్ మ్రావిన్‌స్కీకే అంకితమిచ్చాడు.

"ఇక్కడ టెంపో ఎంతండీ?" అని వేగం గురించి నోటితో అడిగి ఊరుకోకు. అలా అడిగితే మ్రావిన్‌స్కీకీ మొదట్లో సరైన జవాబు దొరకలేదు. అప్పుడాయన పియానో ముందు కూర్చుని కావాలనే తప్పు వేగంలో వాయించాడు. షోస్టకోవిచ్ ఉండబట్టలేక ఆపి, అసలు వేగం చూపించాడు. నువ్వూ అలాగే రాబట్టు. చూపించగానే మెట్రోనోమ్‌తో (నిమిషానికి ఇన్ని దెబ్బలని కొట్టి చూపే పరికరం) కొలిచి, స్కోరులో (అన్ని వాద్యాల స్వరాలూ ఒకచోట ఉన్న ప్రతి) ఆ బార్ (తాళపు గడి) మీదే పెన్సిల్‌తో రాసుకో. అంకె ఒక్కటే రాస్తే చాలదు, అది క్వార్టర్ నోటుకా, దాని నిడివిలో సగముండే ఎయిత్ నోటుకా అన్నదీ రాయాలి. అక్కడ పొరబడితే వేగం సగమో రెట్టింపో అయిపోతుంది. ఐదో సింఫనీ ముగింపుని కొందరు పరుగెత్తించడం, కొందరు బరువుగా నడిపించడం వెనక ముద్రణల్లోని ఈ తేడా కూడా ఉంది.

రిహార్సల్లో మీ స్వరకర్తని హాలు మధ్యలో కూర్చోబెట్టు. ఎనిమిదో సింఫనీ మొదటి భాగంలో బృందమంతా హోరెత్తే చోట, తర్వాత రాబోయే పొడుగాటి సోలో కోసం పెదవులు దాచుకోవాలని కోర్ ఆంగ్లె (ఓబో జాతి ఊదే వాద్యం) కళాకారుడు ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి వాయించాడు. మిగతా వాద్యాల్లో కలిసిపోయిన ఆ మార్పుని హాల్లోంచి షోస్టకోవిచ్ పట్టేశాడు. నీ బృందంలో ఎవరైనా ఇలా చేస్తే కోప్పడకు, కారణం అడుగు. అలసటే అయితే ఆ రోజు సోలోని విడిగా, ముందుగా సాధన చేయించు.

దిద్దుబాట్లు మీ స్వరకర్త నేరుగా వాద్యకారులకు చెప్పకుండా చూడు. చీటీ మీద రాసి విరామంలో నీకివ్వమను. ఇద్దరి మాటలు వింటే బృందం ఎవరి మాటా వినదు.

ఏదైనా రచనని నడిపించలేననిపిస్తే మొదటే చెప్పెయ్యి. 1962లో పదమూడో సింఫనీని మ్రావిన్‌స్కీ చేపట్టలేదు, మరో కండక్టర్ కొండ్రాషిన్ చేశాడు. అంతటి చనువూ అక్కడ బీటలువారింది.

పార్టులు (ఒక్కో వాద్యకారుడికిచ్చే స్వరాల కాగితాలు) అందగానే మొదటి రిహార్సల్‌కి ముందే స్కోరుతో బార్ బార్ సరిచూడు. దిద్దిన ప్రతి చోటూ స్టాండుల మీదున్న ప్రతి కాపీలోనూ ఆ రాత్రికే ఎక్కాలి.