టెక్ సందేహాలు: బ్రేక్ వదిలినా లాంచ్ లిమిటర్ వదలట్లేదా?

ప్రశ్న: నా డ్రాగ్ కారు (తక్కువ దూరం తిన్నగా పరుగెత్తే రేసు కారు) ఆటోమేటిక్, ట్రాన్స్‌బ్రేక్ (స్టార్ట్ దగ్గర గేర్‌బాక్స్‌తోనే కారుని పట్టి ఉంచే ఏర్పాటు) లేదు. ఎడమ కాలితో బ్రేక్ తొక్కిపట్టి, కుడి కాలితో ఇంజిన్ రేజ్ చేసి లాంచ్ చేస్తాను. లాంచ్ లిమిటర్‌కి (బయల్దేరేముందు ఇంజిన్ ఆర్‌పీఎం ఒక హద్దు దాటకుండా ఆపేది) సిగ్నల్ బ్రేక్ లైట్ స్విచ్ నుంచే ఇచ్చాను. కాలు తీశాక కూడా ఒక్క క్షణం ఇంజిన్ లిమిటర్ దగ్గరే ఆగిపోయినట్టు ఉంటోంది. బ్రేక్ ప్రెషర్ స్విచ్ పెడితే పోతుందా? ఎక్కడ పెట్టాలి?

జవాబు: పోతుంది. పెడల్ దగ్గరుండే బ్రేక్ లైట్ స్విచ్‌కి పెడల్ ఎక్కడుందో తప్ప బ్రేకులు ఎంత గట్టిగా పట్టాయో తెలియదు. పెడల్ కొంచెం కదిలినా లైటు వెలగాలి కాబట్టి దాన్ని అలాగే అమరుస్తారు, దాంతో మీరు కాలు తీసేటప్పుడు పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చేదాకా సిగ్నల్ వదలదు. పైపుల్లో ప్రెషర్ మాత్రం అంతకంటే ముందే పడిపోయి, బ్రేకులు పట్టు వదిలేసి, కారు కదలడం మొదలెడుతుంది, ఇంజిన్ ఇంకా లిమిటర్ మీదే ఉంటుంది. మీకు తెలుస్తున్న ఆలస్యం అదే. ప్రెషర్ స్విచ్ నేరుగా బ్రేక్ ఫ్లూయిడ్ ప్రెషర్‌నే చూస్తుంది కాబట్టి ఆ తేడా చాలావరకు పోతుంది.

అయితే ఏదో ఒక ప్రెషర్ స్విచ్ కొనేసి బిగిస్తే మళ్లీ మొదటికే వస్తారు. బ్రేక్ లైట్ల కోసం తయారయ్యే హైడ్రాలిక్ స్విచ్‌లు చాలా తక్కువ ప్రెషర్‌కే కలుస్తాయి, అంటే కాలు తీసేటప్పుడు చివర్లో గానీ విడిపోవు. మీకు కావలసింది సెట్టింగ్ మార్చుకోగలిగే స్విచ్. మొదట బ్రేక్ లైన్‌లో ఒక గేజ్ పెట్టి, లాంచ్‌కి కారుని పట్టి ఉంచేటప్పుడు మీ కాలు ఎంత ప్రెషర్ ఇస్తోందో చూడండి. ఉదాహరణకి అది 600 పీఎస్‌ఐ అనుకుంటే, 300 దగ్గర మొదలుపెట్టి అక్కడి నుంచి అటూ ఇటూ సర్దుకోవచ్చు. మరీ పైకి పెడితే స్టార్ట్ లైన్ మీద టెన్షన్‌లో కాలు కాస్త సడలినా లిమిటర్ ఊడిపోయి, ఆర్‌పీఎం ఎగిసి, కారు బ్రేకుల్ని తోసుకుని ముందుకెళ్లి రెడ్ లైట్ (ముందే బయల్దేరినందుకు ఫౌల్) పడుతుంది. ఇంకో సంగతి, స్విచ్ కలిసే ప్రెషర్ కంటే విడిపోయే ప్రెషర్ తక్కువ ఉంటుంది, మనకి ముఖ్యం ఆ రెండోదే. అందుకే పెడల్ నెమ్మదిగా వదులుతూ, స్విచ్‌కి మల్టీమీటర్ తగిలించి, ఏ ప్రెషర్ దగ్గర విడిపోతోందో గేజ్ మీద చూసి సెట్ చేయండి.

ఎక్కడ పెట్టాలనేది మీ కారులో లైన్ లాక్ (ముందు బ్రేకుల్ని మాత్రమే పట్టి ఉంచే వాల్వ్) ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లైన్ లాక్ వేసి బర్నవుట్ (వెనక టైర్లని ఉన్నచోటే తిప్పి వేడెక్కించడం) చేసేటప్పుడు పెడల్ మీద కాలు లేకపోయినా ముందు బ్రేకుల్లో ప్రెషర్ బందీగా ఉండిపోతుంది. స్విచ్‌ని లైన్ లాక్ దాటాక బిగిస్తే బర్నవుట్ అంతా లిమిటర్ మీదే చేయాల్సి వస్తుంది. మాస్టర్ సిలిండర్‌కీ (పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించేది) లైన్ లాక్‌కీ మధ్యలో గానీ, వెనక బ్రేకుల లైన్‌లో గానీ పెడితే ఈ తిప్పలు ఉండవు.

ఇక బిగించే పని. దయచేసి ఇక్కడ తొందరపడకండి, ఇదే బ్రేక్ లైన్ పరుగు చివర మీ కారుని ఆపాలి. టీ ఫిట్టింగ్ (స్విచ్ కోసం లైన్‌లో పెట్టే T ఆకారపు జాయింట్) థ్రెడ్ మీ పైపు ఫ్లేర్‌కి (వెడల్పు చేసిన పైపు చివరకి) సరిగ్గా సరిపోవాలి, రాగి పైపు వాడొద్దు, ఫ్లేర్ జాయింట్ల మీద టెఫ్లాన్ టేప్ చుట్టొద్దు (ఆ జాయింట్ లీక్ కాకుండా ఆపేది థ్రెడ్ కాదు, ఫ్లేర్ కూర్చునే చోటు). స్విచ్ తల పైకి ఉండేలా నిలబెడితే అందులో గాలి చిక్కుకుంటుంది, పెడల్ మెత్తబడుతుంది. కిందికో పక్కకో ఉండేలా పెట్టి, బ్రేకులన్నీ బ్లీడ్ చేసి (లోపలి గాలి తీసేసి), పెడల్‌ని గట్టిగా కొన్ని నిమిషాలు తొక్కిపట్టి జాయింట్లు తడిగా ఉన్నాయేమో చూశాకే కారు కదపండి.

వైరింగ్ తేలిక. మీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లేదా ఇగ్నిషన్ బాక్స్ (స్పార్క్‌ని నియంత్రించేది) లాంచ్ ఇన్‌పుట్‌కి 12 వోల్టులు కావాలా, గ్రౌండ్ కావాలా అన్నది మాన్యువల్‌లో చూసి దాని ప్రకారం స్విచ్‌కి వైర్లు ఇవ్వండి. బ్రేక్ లైట్లని పాత స్విచ్ మీదే ఉంచేయండి, రెండిటినీ కలపొద్దు.

ప్రశ్న: నేను ప్రెషర్ స్విచ్ పెట్టాను, లాంచ్ బాగుంది. కానీ పరుగు చివర బ్రేక్ తొక్కగానే సైలెన్సర్‌లో ఢాం ఢాం అని పేలుతోంది.

జవాబు: ఇది వెంటనే సరిచేయాలి. స్విచ్‌కి తెలిసింది బ్రేక్ ఒక్కటే, మీరు స్టార్ట్ లైన్ దగ్గరున్నారో ఫినిష్ దాటారో దానికి తెలియదు. లాంచ్ లిమిట్ 4,000 ఆర్‌పీఎం అనుకోండి, ఫినిష్ దగ్గర ఇంజిన్ 7,000లో తిరుగుతుండగా మీరు బ్రేక్ తొక్కితే లిమిటర్ ఇగ్నిషన్ కట్ చేసేస్తుంది, మండని పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి అక్కడ అంటుకుంటుంది. ఈసీయూ ఉంటే స్పీడ్ షరతు పెట్టండి, గంటకు ఏ 10 కిలోమీటర్లో దాటితే లాంచ్ లిమిటర్ పనిచేయకూడదు. ఇగ్నిషన్ బాక్స్ మాత్రమే ఉంటే యాక్సిలరేటర్ లింకేజ్ దగ్గర ఒక మైక్రోస్విచ్ పెట్టి ప్రెషర్ స్విచ్‌తో సిరీస్‌లో కలపండి, అప్పుడు బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ తొక్కి ఉంటేనే లిమిటర్ వస్తుంది. ఫినిష్ దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు కాబట్టి పేలుళ్లు ఆగిపోతాయి. నాకైతే రెండూ ఉన్న కారే ఇష్టం.

ప్రశ్న: ఇంట్లో ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ స్విచ్ ఒకటి ఉంది, థ్రెడ్ కూడా సరిపోయింది. వాడొచ్చా?

జవాబు: వద్దు. ఆయిల్ కోసం చేసిన స్విచ్‌లలో సాధారణంగా నైట్రైల్ రబ్బరు సీల్ ఉంటుంది, డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ తగిలితే అది ఉబ్బి పాడవుతుంది. బ్రేకులకి ఈపీడీఎం రబ్బరు కావాలి. పైగా ఆయిల్ స్విచ్ బ్రేక్ లైన్‌లో వచ్చేంత ప్రెషర్‌ని తట్టుకునేలా చేసింది కాదు. బ్రేక్ ఫ్లూయిడ్‌కి పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన స్విచ్ మాత్రమే కొనండి.